రెండున్నర మిల్లీమీటర్ల మొలకకి అంటు: మేడమీది కాక్టస్ డైరీ

ఎవరైనా ఇలా కాక్టస్ మొలకలకి అంటు కట్టడం మొదలుపెడితే, నేను పాడుచేసిన 14 అంట్లు వాళ్లు పాడుచేయకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. ఫోటోలకి బాగున్న రోజులు ఇందులో తక్కువ. కుళ్లినవి, ఎండినవి, ఊడి కింద పడినవే ఎక్కువ.

స్థలం: రాజమండ్రి, రెండో అంతస్తు మేడ. తూర్పు పిట్టగోడ పక్కన సగం ఎండని ఆపే 50 శాతం గ్రీన్‌నెట్ కింద ఒక ఇనుప స్టాండు.

మొక్క: ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్. దీనికి ముళ్లుండవు. పైనుంచి చూస్తే ఎనిమిది తొనల బత్తాయిని అణచి కూర్చోబెట్టినట్టు ఉంటుంది, ఒంటినిండా తెల్లటి చుక్కలు. పుట్టిల్లు టెక్సస్ దక్షిణపు కొస, మెక్సికో ఈశాన్య భాగం. అడవిలోంచి తవ్వి అమ్మీ అమ్మీ తరిగిపోవడంతో దీని అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి. కాబట్టి మనలాంటి వాళ్లకి విత్తనమే దారి.

విత్తనంతో వచ్చిన చిక్కల్లా వేగం. అంతకుముందు వేసిన పంట సొంత వేళ్ల మీద 14 నెలలకి 9 మి.మీ. వెడల్పు అయింది. ఆ 9 మి.మీ. మొక్కల్లో కూడా వానాకాలంలో సగం కుళ్లిపోయాయి. మొలకగా ఉన్నప్పుడే ఇంకో బలమైన కాక్టస్ (అడుగు మొక్క) మీద అంటు కడితే ఈ పసితనం గండం తొందరగా గడుస్తుంది. అందుకే ఈ ప్రయత్నం.

దశ 1: అడుగు మొక్క (నవంబరు – జనవరి)

మొదటి తప్పు పేరు దగ్గరే చేశాను. తెలుగులో ముళ్లూ కండా ఉన్న ప్రతిదీ జెముడే: బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు, నాగజెముడు. పొలం గట్టున బొంతజెముడు బోలెడంత ఉంది, మూడు పలకలుగా, అచ్చం నర్సరీలో ఎర్ర బంతి కాక్టస్ కింద ఉండే ఆకుపచ్చ కాడలాగే కనిపిస్తుంది. డబ్బులెందుకు తగలేయాలని నాలుగు ముక్కలు తెచ్చి నాటాను. వేళ్లు పట్టాక వాటి మీద ఎకినాప్సిస్ అనే గుండ్రటి కాక్టస్ పిల్లలు నాలుగు కట్టాను.

కోసీ కోయగానే తెల్లటి పాలు కారాయి. తుడిచాను, మళ్లీ కారాయి. కడిగాను, మళ్లీ కారాయి. మూడో రోజుకి ఆ పాలు రబ్బరులా గట్టిపడి, పైనున్న పిల్ల పెచ్చులా ఊడి వచ్చింది. నాలుగింటికీ అదే గతి.

కారణం: బొంతజెముడు యుఫోర్బియా కుటుంబం. కాక్టస్‌కి ఏ చుట్టరికమూ లేదు. ఎడారి ఎండ రెండింటినీ ఒకేలా తయారుచేసింది, అంతే. పైన చెప్పిన జెముళ్లలో నాగజెముడు ఒక్కటే అసలు కాక్టస్, అది కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. కోస్తే పాలొస్తే కాక్టస్ కాదనుకుని పక్కన పెట్టేయండి. మామిలేరియాల్లో కొన్నిటికి పాలుంటాయి కానీ వాటిని అడుగు మొక్కగా ఎవరూ వాడరు. ఇంకో మాట, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నేను అద్దాలు కూడా పెట్టుకోలేదు. బుద్ధి తక్కువ.

ఎర్ర బంతి కింద ఉండే మూడు పలకల కాడ డ్రాగన్ ఫ్రూట్ జాతిది. ఆ బంతిలో పత్రహరితం ఉండదు, తన తిండి తాను వండుకోలేదు, అందుకే దాన్ని అంటు మీదే బతికించాలి. 1941లో జపాన్‌లో ఇలాంటి ఎర్ర మొలకల్ని అంటు కట్టి బతికించడంతోనే ఆ వ్యాపారం మొదలైంది.

డ్రాగన్ కాడ పెద్ద పిల్లలకి బాగుంటుంది గానీ 2 మి.మీ. మొలకకి మరీ లావు. సన్న మొలకలకి పెరెస్కియాప్సిస్ అనే ఇంకో కాక్టస్ తీసుకున్నాను. చూస్తే కాక్టస్ అనరు: సన్నటి కాడ, కండగల ఆకులు. ఆకు మొదట్లో మాత్రం కంటికి ఆనని నూగు ముళ్లుంటాయి. దూలగొండి తగిలినట్టే. గుచ్చుకుంటే పట్టకారుతో ఏరొద్దు, విరిగి లోపలే ఉండిపోతాయి. సెల్లోటేపు అంటించి లాగండి.

10 సెం.మీ. ముక్కలు 24 నాటాను. 18 రోజుల్లో 21 వేళ్లు పట్టాయి. మూడింటిని తల్లి మొక్కలుగా ఉంచి 18 అంటుకి తీసుకున్నాను.

ఇప్పటికి: ప్రయత్నాలు 4, బతికినవి 0.

దశ 2: మొలకలు (జనవరి 24 – ఫిబ్రవరి 16)

సంక్రాంతి హడావిడి అయ్యాక 60 విత్తనాలు వేశాను. ఆస్ట్రోఫైటమ్ విత్తనం కాక్టస్‌లలో పెద్దదే, గోధుమరంగులో మెరుస్తూ బోర్లించిన టోపీలా ఉంటుంది. నాటక్కర్లేదు, పైన పెడితే చాలు.

పెట్టె: బిర్యానీ పార్సిల్ డబ్బా, మూత పారదర్శకం. మట్టి: జల్లించిన గోదావరి ఇసుక రెండు పాళ్లు, పెర్‌లైట్ (తేలికపాటి తెల్ల రాతి గుళికలు) ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు. కోకోపీట్‌ని మూడు నీళ్లు కడిగాను, ఉప్పు ఉంటుంది. ఆ మట్టిని ఆవిరి మీద 30 నిమిషాలు ఉడికించాను. ఇడ్లీ పాత్రలో. దాని గురించి ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయను.

9 రోజుల్లో 44 మొలిచాయి. డబ్బాలో ఉష్ణోగ్రత పగలు 29, రాత్రి 22 డిగ్రీలు. పన్నెండో రోజున ఒక మూల మొలకలు గాజులా పారదర్శకమై వాలిపోయాయి. నారుకుళ్లు. రెండు రోజుల్లో 9 పోయాయి. ఆ మూలని చెంచాతో మట్టితో సహా ఎత్తేసి, మిగతా దానికి లీటరుకి 1 గ్రాము కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపిన నీళ్లు పిచికారీ చేశాను. ఆగింది. మూత రోజూ పది నిమిషాలు తీసి ఉంటే ఇది వచ్చేది కాదేమో.

మిగిలినవి 35. వాటిలో 10 సొంత వేళ్ల మీదే పెంచడానికి పక్కన పెట్టాను. పోల్చడానికి ఏదో ఒకటి లేకపోతే అంటు వల్ల పెరిగిందో, వేసవి వల్ల పెరిగిందో తెలియదు.

దశ 3: మొదటి విడత, 8 అంట్లు (ఫిబ్రవరి 16)

మొలకల వయసు 23 రోజులు, వెడల్పు 2 మి.మీ. పెన్సిలు చెక్కే కట్టర్‌తో పెరెస్కియాప్సిస్ చివర కోశాను, మొలక తల కోశాను, కాడ నడిమధ్యలో బొట్టు పెట్టినట్టు పెట్టాను. ఎనిమిదీ పెట్టాక చూసి ముచ్చటపడ్డాను. పైన ప్లాస్టిక్ గ్లాసులు బోర్లించాను.

3వ రోజు: రెండు మొలకలు పల్లంగా, ముడతలు.
5వ రోజు: ఇంకో రెండు. ఊదితే ఎగిరిపోయాయి. కింద కాడ కొస పొడిగా, గోధుమరంగులో ఉంది.
7వ రోజు: ఒకటి నల్లబడింది. గ్లాసు లోపలి చెమట బొట్లు కట్టి సరిగ్గా అంటు మీదే పడింది.
11వ రోజు: ఇంకోటి. పచ్చగానే ఉంది, కానీ సూదితో తాకితే పక్కకి జరిగింది. అతుక్కోనే లేదు.
15వ రోజు: మిగిలినవి 2.

ఇప్పటికి: ప్రయత్నాలు 12, బతికినవి 2.

బతికిన రెండింటిలో ఒక పోలిక కనిపించింది. ఆ రెండూ నేను పెట్టిన చోట లేవు. గ్లాసు బోర్లించేటప్పుడు చెయ్యి తగిలి కాస్త పక్కకి జరిగినవి. ఒకటైతే దాదాపు అంచు మీద ఉంది. అప్పటికి అది యాదృచ్ఛికమనే అనుకున్నాను.

ఆ ఆదివారం కడియం వెళ్లాం, పూలమొక్కలకి. ఒక నర్సరీలో పెద్దాయన నేల మీద కూర్చుని మామిడి అంట్లు కడుతున్నాడు, నిమిషానికి ఒకటి చొప్పున. చూస్తూ నిలబడి నా గోడు చెప్పాను. కాక్టస్ అనగానే నవ్వాడు. నడుమ పెట్టానని చెప్పేసరికి చేతిలో కత్తి ఆపాడు.

“ఆయ్! నడిమధ్యన ఎట్టేత్తే ఎలా అంటుకుద్దండమ్మా? పైపుల్ల సన్నమైతే ఓ పక్కకి జరిపి కడతాం. రెండిటి పచ్చిబెరడూ ఓ పక్కనైనా కలవాలి కదండీ.”

ఇంటికొచ్చి, నగల పని చేసేవాళ్లు కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం ఒకటి కొని, కాడ ముక్కని అడ్డంగా కోసి చూశాను. కాడ వెడల్పు 6 మి.మీ. దాంట్లో నీళ్లూ ఆహారమూ మోసే నాళాలు 3 మి.మీ. వెడల్పున ఒక వలయంలా ఉన్నాయి. వలయం లోపలంతా మెత్తటి దూది. మొలకని కోసి చూస్తే దాని నాళాలు వలయంగా కూడా లేవు, మధ్యలో అర మి.మీ. చుక్క. అంటే నేను అందంగా నడిమధ్యన పెట్టినప్పుడు ఆ చుక్క సరిగ్గా దూది మీద కూర్చుంది. నాళం నాళాన్ని తాకనే లేదు. పక్కకి జరిగిన రెండింటికి మాత్రం చుక్క వలయం మీద పడింది.

మామిడికైనా కాక్టస్‌కైనా సూత్రం ఒకటే. ఇది నేను చదివే ఉన్నాను, “నాళాలు కలవాలి” అని. ఎంత చిన్న చుక్కని ఎంత చిన్న గీత మీద పెట్టాలో కొలిచి చూసుకోలేదు.

దశ 4: మార్పులు, రెండో విడత (మార్చి 9)

ఏం మార్చాను, ఎందుకు:

కట్టర్ పోయి షేవింగ్ బ్లేడు వచ్చింది. కట్టర్ మందం, అది కోయదు, నలుపుతుంది. రెండంచుల బ్లేడుని కాగితంలో ఉండగానే నిలువునా విరిస్తే రెండు ముక్కలవుతాయి. కొత్త బ్లేడు మీద సన్నటి నూనె పొర ఉంటుంది, స్పిరిట్‌తో తుడవాలి. ఒక్కో అంటుకి ముందు మళ్లీ తుడుపు, నాలుగు అంట్లకి ఒక కొత్త ముక్క.

అడుగు మొక్కకి దాహం తీర్చాను. మొదటి విడతలో కుండీలు పొడిగా ఉన్నాయి, కాక్టస్ కదా అని. పెరెస్కియాప్సిస్‌కి ఆ లెక్క పనికిరాదు, దాన్ని కూరగాయ మొక్కలా చూడాలి. మూడు రోజుల ముందు నుంచి రోజూ నీళ్లు పోశాను. అప్పుడు కోస్తే కోత మీద నీరు ఊరి మెరిసింది. మొదటిసారి అలా మెరవలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఊట పైకి తోస్తుంటేనే మొలక ఎండకుండా ఉంటుంది, అదే జిగురులా పట్టి ఉంచుతుంది.

కోసే చోటు మార్చాను. కొసకి 2 సెం.మీ. కిందనే, కాడ లేతగా ఉన్న చోట. ఇంకా కిందకి వెళ్తే నడుమ చెక్కబారి ఉంటుంది, బ్లేడు దిగేటప్పుడు “టిక్” మని తగులుతుంది. టిక్ వినపడితే ఇంకా పైన లేత చోటు వెతకాలి, లేదా ఆ కాడని వదిలేయాలి.

ఆకులు ఉంచాను. మొదటిసారి చేతికి అడ్డమని అన్నీ తుంచేశాను. తిండి వండే ఆకుల్ని తీసేసి పైవాడికి తిండి పెట్టమంటే ఎక్కడ పెడుతుంది?

ఇక క్రమం ఇది. ఇదే ఇప్పటికీ వాడుతున్నాను.

1. చేతులు, బ్లేడు, పట్టకారు స్పిరిట్‌తో తుడవండి. ఫ్యాను ఆపేయండి.
2. కాడని అడ్డంగా, ఒకే లాగుడులో కోయండి. రంపంలా ముందుకీ వెనక్కీ వద్దు.
3. కోసిన చోటే ఇంకో అర మి.మీ. పలచటి బిళ్ల కోసి, అక్కడే వదిలేయండి. మూతలా పనికొస్తుంది, తడి ఆరదు.
4. మొలకని ఎత్తి, వేళ్ల భాగం పోయేలా నడుముకి కాస్త కింద కోయండి. పైముక్కలో నాళాల చుక్క కనిపించాలి.
5. మూత బిళ్లని పక్కకి జరిపి, మొలకని పెట్టండి. నడిమధ్యన కాదు. చుక్క వలయం మీద పడేలా, కేంద్రం నుంచి దాదాపు 1.5 మి.మీ. పక్కకి.
6. మెల్లగా పావువంతు తిప్పి గాలి పోగొట్టండి. వేలితో పది లెక్కపెట్టేదాకా తేలిగ్గా అదమండి. రబ్బరు బ్యాండు అక్కర్లేదు, ఈ సైజుకి తడే పట్టుకుంటుంది.
7. రెండు లీటర్ల నీళ్ల సీసా అడుగు కోసి బోర్లించండి. లోపల పైభాగాన టిష్యూ కాగితం అంటించండి, చెమటని అది పీలుస్తుంది.
8. నీడలో, 27 నుంచి 30 డిగ్రీల మధ్య. నాలుగో రోజు నుంచి సీసాని గంటసేపు తీయండి, రోజుకి గంట పెంచుతూ వారానికి పూర్తిగా తీసేయండి. 15 రోజుల దాకా అంటు మీద నీటి చుక్క పడకూడదు.

మార్చి 9న ఇలా 10 కట్టాను. మొలకల వయసు 44 రోజులు, వెడల్పు 2.5 మి.మీ. మొదటి విడతకంటే ఇవి చేతికి కొంచెం నయం.

రెండో రోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చేసరికి సీసాలన్నీ గోడవారగా వరసగా పెట్టి ఉన్నాయి. అత్తయ్య ఎదురొచ్చి చెప్పింది: “గాలాడక చచ్చిపోతాయేమోనని నేనే తీశానమ్మాయ్. పాపం, ఎంత చెమట పట్టేశాయో.” మూడు గంటలు 34 డిగ్రీల పొడిగాలిలో ఉన్నాయి. రెండు ముడతలు పడ్డాయి, తేరుకోలేదు. మూడోది నా వేలికి అంటుకుని వచ్చేసింది, ఆ తప్పు అత్తయ్యది కాదు.

మిగతా 7 నిలిచాయి.

ఇప్పటికి: ప్రయత్నాలు 22, బతికినవి 9.
సీసాల మీద స్కెచ్ పెన్నుతో “తీయొద్దు” అని రాశాను.

దశ 5: ఎదురుచూపు, కొలతలు (మార్చి 19 – ఆగస్టు 6)

మొదటి పది రోజులు ఏమీ జరగదు. ఇది ముందే తెలిసి ఉంటే నాకు రోజూ సూదితో తాకి చూసే టెన్షన్ తప్పేది. అంటు పట్టిందో లేదో తాకి కాదు, చూసి తెలుసుకోవాలి: ఒంటి మెరుపు తగ్గదు, పల్లం పడదు, పదో రోజుకి అటూ ఇటూగా నడినెత్తిన తెల్లటి ఉన్ని కుచ్చు కనిపిస్తుంది. ఆ కుచ్చు కొత్తదైతే పట్టినట్టే.

రెండో విడతలో బతికినవాటి సగటు వెడల్పు, వెర్నియర్ కొలబద్దతో కొలిచినది:

కట్టిన రోజు: 2.5 మి.మీ.
10వ రోజు: 2.6
20వ రోజు: 4.1
30వ రోజు (ఏప్రిల్ 8): 6
60వ రోజు (మే 8): 11.5
90వ రోజు (జూన్ 7): 14
150వ రోజు (ఆగస్టు 6): 26, అన్నిటికన్నా పెద్దది 31

సొంత వేళ్ల మీద ఉంచిన పది ఆగస్టు 6కి 8 మిగిలాయి. సగటు 6 మి.మీ.

మే నుంచి జూన్ దాకా నెలలో రెండున్నర మిల్లీమీటర్లే ఎందుకు పెరిగాయో రాజమండ్రిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో స్టాండు దగ్గర థర్మామీటరు 43 చూపించింది, రాత్రి పదింటికి కూడా 33. పెరెస్కియాప్సిస్ ఆకులు రాల్చేసింది. ఆకులు పోయిన రెండు కాడలు పైనుంచి కిందకి ఎండుకుంటూ వచ్చాయి, పైన ఆస్టీరియాస్ పచ్చగానే ఉండి, వారం తర్వాత అదీ మెత్తబడింది. మిగిలిన ఏడింటిని హాల్లో ఉత్తరపు కిటికీ దగ్గరికి దింపాను. రెండో వరస నెట్ ముందే కట్టి ఉంటే, లేదా ఏప్రిల్ ఆఖరులోనే దింపి ఉంటే ఆ రెండూ ఉండేవి. నల్ల ప్లాస్టిక్ కుండీలు కూడా తప్పే. వేళ్లు ఉడికిపోయాయి. తెల్ల పెయింటు డబ్బాల్లోకి మార్చాను.

అడుగు మొక్క మాటిమాటికీ తన కొమ్మలు తాను వేస్తుంది, తిండి అటు పోతుంది. ప్రతి ఆదివారం ఆ చిగుళ్లు గిల్లేయాలి. ఆకులు మాత్రం ముట్టుకోవద్దు.

ఎరువు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది), లీటరుకి అర గ్రాము, వారానికి ఒకసారి. అత్యాశకి పోయి జూన్ ఆఖరున ఒక గ్రాముకి పెంచాను. మొక్కలు మళ్లీ మేడమీది స్టాండుకి చేరాక, జూలై మొదటి వారంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున పెద్ద వాటిలో ఒకటి తొనల మధ్య నిలువునా చీలి ఉంది, పగిలిన దోసకాయలా. తోసుకొచ్చే నీటికి తగ్గట్టు తోలు సాగలేదు. గంధకం పొడి అద్ది వానకి దూరంగా పెట్టాను. మానింది, మచ్చ ఉండిపోయింది. ఎరువు మళ్లీ అర గ్రాముకి.

అదే నెలలో అసలు దొంగ దొరికింది. ఒక అంటు దగ్గర చీమలు తిరుగుతుంటే భూతద్దంతో చూశాను. మొలక అడుగున, కాడకీ దానికీ మధ్య నొక్కులో, పిండినల్లి. బయటికి ఏమీ కనపడదు. స్పిరిట్‌లో ముంచిన చెవి పుల్లతో తుడిచాను కానీ అప్పటికే అక్కడ గాయమై, ముసురుకి కుళ్లు పట్టింది. మూడు రోజుల్లో తల ఊడి చేతికొచ్చింది. ఆ తర్వాత స్టాండు కాళ్లని నీళ్ల గిన్నెల్లో పెట్టాను, పూర్వం మిఠాయి డబ్బాకి పెట్టినట్టు. చీమలు ఆగాయి. చీమలు మోసుకురాకపోతే పిండినల్లి అంత వేగంగా పాకదు. గిన్నెల్లో దోమలు గుడ్లు పెడతాయి, మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి.

ఇప్పటికి: ప్రయత్నాలు 22, పట్టినవి 9, ఎండకి పోయినవి 2, కుళ్లి పోయినది 1, ఉన్నవి 6.
ఖర్చు: విత్తనాలు 420, వెర్నియర్ 380, పెర్‌లైట్ 150, భూతద్దం 130, స్పిరిట్ 60, బ్లేడ్లు 40. మొత్తం 1,180 రూపాయలు. ఇడ్లీ పాత్ర లెక్కలో లేదు.

దశ 6: డ్రాగన్ కాడ మీదికి మార్పు (ఆగస్టు 10)

ఆరు మిల్లీమీటర్ల కాడ మీద 31 మి.మీ. తల. గాలి వీస్తే ఊగుతోంది. ఒకటి అప్పటికే వంగి పిట్టగోడకి తల ఆనించింది. పెరెస్కియాప్సిస్ మొలకని పెంచడానికే, జీవితాంతం మోయడానికి కాదు.

బంధువుల తోటలో డ్రాగన్ ఫ్రూట్ కత్తిరింపులు పారేస్తుంటే జూన్‌లోనే తెచ్చి 15 సెం.మీ. ముక్కలు నాటి ఉంచాను. ఆగస్టుకి వేళ్లు పట్టి, కొసన చిగురు కూడా వేశాయి. చిగురు వేస్తున్న కాడే కావాలి. నిద్రపోతున్న కాడ మీద కడితే ఊట రాదు.

పెద్ద నాలుగింటిని ఎంచుకున్నాను. ఇక్కడ తేడాలు మూడు.

మొదటిది, డ్రాగన్ కాడ కోశాక మూడు అంచుల్నీ పెన్సిలు చెక్కినట్టు ఏటవాలుగా చెక్కాలి. లోపలి కండ ఆరుతూ కుంగుతుంది, తోలు కుంగదు. చెక్కకపోతే తోలు అంచులు లేచి పై తలని ఎత్తేస్తాయి. మూడింటికి చెక్కాను. నాలుగోది లేతగా ఉందని వదిలేశాను. అయిదో రోజుకి సరిగ్గా అదే లేచింది, కింద వేలి గోరు దూరేంత సందు.

రెండోది, ఇక్కడ బరువైన తల కాబట్టి కట్టాలి. రబ్బరు బ్యాండు లేత ఒంటిని కోస్తుంది. సర్జికల్ గ్లవ్ వేళ్లని సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, తల మీదుగా కుండీ అంచు దాకా సాగదీసి టేపు అంటించాను. సాగుతుంది, కోయదు. ఏడో రోజు తీసేశాను.

మూడోది కొత్తది కాదు, పెద్దాయన చెప్పిందే. తలలోని వలయం 4 మి.మీ., డ్రాగన్ కాడ వలయం 7 మి.మీ. ఒకదాని లోపల ఒకటి అందంగా అమరిస్తే ఎక్కడా కలవవు. జరిపి పెడితే రెండు వృత్తాలూ రెండు చోట్ల ఖండించుకుంటాయి. తల కాస్త పక్కకి కూర్చున్నట్టు కనిపిస్తుంది, ఫోటోలో బాగోదు. పెరిగాక ఎలాగూ కప్పేస్తుంది.

లేచిన నాలుగో దాన్ని ఆగస్టు 15న విప్పి, రెండు వైపులా 2 మి.మీ. కొత్తగా కోసి, ఈసారి అంచులు చెక్కి మళ్లీ కట్టాను. పట్టింది.

పాత కాడల మీద నుంచి తలలు కోసేటప్పుడు పూర్తిగా మొదలంటా కోయలేదు. 3 మి.మీ. బిళ్ల ఒకటి, అంచున ఉన్ని చుక్కలు రెండో మూడో ఉండేలా, కాడ మీదే వదిలేశాను. నెత్తి పోయిన కాక్టస్ ఆ చుక్కల్లోంచి పిల్లలు వేస్తుంది. ఆస్టీరియాస్ మామూలుగా పిల్లలు పెట్టే రకం కాదు, ఇలా బలవంతం చేస్తే పెడుతుంది.

ఇప్పటికి: ప్రయత్నాలు 27, పట్టినవి 13, పట్టనివి 14. మొక్కలు 6: డ్రాగన్ మీద 4, పెరెస్కియాప్సిస్ మీద 2, వెదురు పుల్ల ఊతంతో.

అక్టోబరు 4

డ్రాగన్ మీది నాలుగూ 34, 33, 30, 29 మి.మీ. తిరిగి కట్టిన దానిదే 29. సెప్టెంబరు మొదటి మూడు వారాలు అస్సలు కదల్లేదు, ఇప్పుడిప్పుడే నడినెత్తిన ఉన్ని తెల్లబడుతోంది. సొంత వేళ్ల వాళ్లు ఎనిమిది మందీ 7 మి.మీ. దగ్గర ఉన్నారు. ఒకటి మాత్రం 8.

వదిలేసిన నాలుగు బిళ్లల్లో రెండు ఎండిపోయాయి. ఒక దాని మీద రెండు, ఇంకో దాని మీద ఒకటి ఆవగింజంత పిల్లలు వచ్చాయి. 5 మి.మీ. అయ్యాక కోయాలి. వాటి కోసం ఈ వారం ఆరు పెరెస్కియాప్సిస్ ముక్కలు నాటాను, తెల్ల డబ్బాల్లో. చలి ముదిరేలోపు వేళ్లు పడితే నవంబరులోనే కడతాను, లేదంటే సంక్రాంతి దాటాక.